ఎక్కడికని అడిగేవాడు



ప్రయాణమై గడప దాటుతున్న మనిషిని ‘ఎక్కడికి?’ అని అడగకూడదనేవారు మా ఇంట్లో. మా నాయనమ్మ ముందు ఎవరైనా నోరుజారి అడిగారో, బయలుదేరినవాళ్లు వెనక్కి రావాల్సిందే. అరుగుమీద కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ కదలాలి. మరీ తెలుసుకోక తప్పదనుకుంటే ‘ఎందాకా?’ అనాలట. ఆ రెండు మాటలకీ తేడా ఏమిటో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

66 ఏళ్ల వయసులో, అమెరికా నుంచి కెనడాలోకి కారులో వెళుతుంటే, నడుముకి తుపాకీ పెట్టుకున్న ఒక మనిషి గాజు కిటికీలోంచి వంగి మమ్మల్ని మొట్టమొదట అడిగింది ఆ మాటే. ఎక్కడికి? వెనక్కి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చే వీలు లేదక్కడ. మా వెనక ముప్పై కార్లున్నాయి.

నా సంగతి ఒక్క ముక్క చెప్పాలి. నేను రైల్వేలో 31 ఏళ్లు పనిచేసి టీటీఈగా రిటైరయ్యాను. బెజవాడకీ వాల్తేరుకీ మధ్య నల్లకోటు వేసుకుని, చార్టు చంకలో పెట్టుకుని ‘టికెట్, టికెట్’ అంటూ తిరిగినవాణ్ణి. అడగడమే తప్ప అడిగించుకోవడం ఎరగని ఉద్యోగం అది. అందుకని ఆ కిటికీలో మనిషిని చూడగానే నాకు భయం వెయ్యలేదు. మనవాడే అనిపించింది. ఆ అనిపించడమే కొంప ముంచింది, వస్తాను ఆ కథకి.

మా అమ్మాయీ అల్లుడూ డెట్రాయిట్ దగ్గర ఉంటారు. కార్ల కంపెనీలున్న చోటు కాబట్టి మనవాళ్లు అక్కడ బాగానే ఉన్నారు. డెట్రాయిట్ పక్కనే నది, నదికి అవతల కెనడావాళ్ల విండ్సర్ పట్నం. కెనడా అంటే పైన, ఉత్తరాన ఉంటుందని కదా బళ్లో చదువుకున్నాం! డెట్రాయిట్ నడిబొడ్డు నుంచి విండ్సర్‌కి వెళ్లాలంటే మాత్రం దక్షిణానికి వెళ్లాలి. నది అక్కడ అలా వంపు తిరిగింది. దాటడానికి 1929లో కట్టిన అంబాసిడర్ వంతెన ఉంది, 1930లో తెరిచిన సొరంగం ఉంది. ఆ వంతెన ఒక కుటుంబం సొత్తు అంటే మా ఆవిడ నమ్మలేదు. టోలు వసూలు చేసుకునేది వాళ్లు, ప్రశ్నలడిగేది ప్రభుత్వం. సొరంగంలో సగం దూరం వెళ్లాక గోడమీద రెండు దేశాల జెండాలు పక్కపక్కన కనబడతాయి. పైన నీళ్లు పారుతూనే ఉంటాయి, వాటికి ఈ గొడవ తెలియదు.

ఆ ఊళ్లో కొత్తగా కారు నడిపేవాళ్లకి ఇంకో గండం ఉంది. హైవే మీద పోతూ పోతూ ‘కెనడాకి వంతెన’ అన్న బోర్డు చూసుకోకుండా ఒక్క మలుపు తప్పు తిరిగితే, ఇక వెనక్కి తిప్పుకోవడానికి దారి దొరకదు. వంతెన ఎక్కాల్సిందే, అవతలి దేశానికి పోవాల్సిందే. చేతిలో కెనడా వీసా ఉండదు, ఒక్కోసారి పాస్‌పోర్టు కూడా ఇంట్లో ఉంటుంది. అవతలి గదిలో అధికారికి ‘మీ దేశానికి రావాలని రాలేదండీ’ అని చెప్పుకోవాలి. ఆయన కాగితం రాసిచ్చి వెనక్కి పంపుతాడు. ఇవతలికొచ్చి, కాలు పెట్టని దేశం నుంచి ఎలా తిరిగొచ్చావో అమెరికా అధికారికి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఈ అనుభవమైన తెలుగు కుర్రాళ్లు ఇద్దరు నాకు అక్కడే తగిలారు. వాళ్లని చూస్తే, రాజమండ్రిలో దిగాల్సినవాడు నిద్రపోయి తునిలో కళ్లు తెరిచి నా ముఖంలోకి చూసిన చూపు గుర్తొచ్చింది.

సరే, మేం మలుపు తప్పలేదు. తెలిసే వెళ్లాం. ఏ దారిన అన్నది మాత్రం చెప్పను.

బయలుదేరే ముందు రోజు రాత్రి మా అమ్మాయి మాకు పాఠం చెప్పింది. దగ్గరికి రాగానే వెనక అద్దాలు కూడా దించాలి. నల్ల కళ్లద్దాలు తియ్యాలి. ఫోను పక్కన పెట్టాలి. ఎవర్ని అడిగితే వాళ్లే చెప్పాలి, అడిగిందే చెప్పాలి. ‘నాన్నా, నువ్వు రైలు కథలు మొదలెట్టకు’ అంది. నాకు కొంచెం కోపం వచ్చింది. టికెట్ లేనివాడే ఎక్కువ కథ చెబుతాడని ఆ పిల్లకి చిన్నప్పుడు చెప్పినవాణ్ణి నేనే. ‘మా మామయ్య స్టేషన్ మాస్టరండీ, మా అమ్మకి ఒంట్లో బాలేదండీ’ అని మొదలెట్టినవాడి జేబులో తొంభై పాళ్లు టికెట్ ఉండదు. ఉన్నవాడు నోరు విప్పకుండా చెయ్యి చాపుతాడు.

మా కారులో అయిదుగురం. కాగితాలు మాత్రం మూడు రకాలు. మనవరాలు అక్కడే పుట్టింది కాబట్టి దానిది అమెరికా పాస్‌పోర్టు. మనదీ ముదురు నీలమే, దానిదీ ముదురు నీలమే. పైన చూస్తే అక్కాచెల్లెళ్లు అనిపిస్తాయి. తేడా అంతా లోపల. ఆరేళ్ల పిల్లకి వీసా అక్కర్లేదు, 66 ఏళ్ల తాతకి కావాలి. కెనడా వీసా కోసం మేం ఫోటోలు దిగి, వేలిముద్రలిచ్చి, బ్యాంకు కాగితాలు చూపించి వారాల తరబడి ఎదురుచూశాం. ఆ పిల్ల ఏ ఆఫీసు గుమ్మమూ తొక్కలేదు.

మా అల్లుడి పరిస్థితి ఇంకో తీరు. హెచ్-1బీ ఉద్యోగం. ఉద్యోగానికి అనుమతి ఉంది గానీ, పాస్‌పోర్టులో కొట్టిన వీసా ముద్ర గడువు దాటిపోయింది. మనవాళ్లు దీన్ని ‘స్టాంపింగ్ అయిపోయింది’ అంటారు. దేశం విడిచి వెళితే కొత్త ముద్ర లేనిదే తిరిగి రానివ్వరు. కెనడాకి, మెక్సికోకి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. 30 రోజులు మించకుండా వెళ్లి, ఐ-94 అనే కాగితం చెల్లుబాటులో ఉండి, అక్కడ కొత్త వీసాకి దరఖాస్తు పెట్టకుండా తిరిగొస్తే, పాత ముద్రనే చెల్లినట్టు లెక్కగడతారు. నియమం ఉంది, ఎన్నో ఏళ్లుగా ఉంది. అయినా మా అల్లుడు ఆ నియమం అచ్చువేసిన కాగితం కూడా ఫైల్లో పెట్టుకున్నాడు. ‘ఆ కిటికీలో మనిషికి ఇది గుర్తులేకపోతే?’ అన్నాడు. ఇల్లు అక్కడ, ఉద్యోగం అక్కడ, పిల్ల బడి అక్కడ. అన్నిటికీ తాళంచెవి ఒక మనిషి జ్ఞాపకశక్తి. ఆ మాట విన్నాక మూడు రోజుల సరదా ప్రయాణంలో సగం సరదా అక్కడే పోయింది.

ఇక కిటికీ దగ్గర ఏం జరిగిందో చెబుతాను. ఎక్కడికి అన్నాడు, టొరంటోకి అన్నాడు మా అల్లుడు. ఎందుకు? స్నేహితుల ఇంటికి, నయాగరా చూడటానికి. ఎన్నాళ్లు? మూడు రోజులు. ఆయుధాలు, మద్యం, పొగాకు? లేవు. అంతా సవ్యంగా ఉంది. అప్పుడా అధికారి వెనక సీటు వైపు తిరిగి, నన్ను చూసి, ‘మీరు ఎన్నాళ్లుంటారు?’ అన్నాడు.

నేను అనుకున్నదేమిటంటే, ఇండియా నుంచి వచ్చిన పెద్దమనిషిని కాబట్టి పిల్లల దగ్గర ఎన్నాళ్లుంటానని అడుగుతున్నాడని. ఎవరింటికి వెళ్లినా నన్ను అడుగుతున్నది అదే మరి. ‘ఇంకో నాలుగు నెలలండీ’ అన్నాను, నిండుగా, నవ్వుతూ.

ఒకే కారులోంచి రెండు జవాబులు. ముందు సీటు మూడు రోజులంటుంది, వెనక సీటు నాలుగు నెలలంటుంది. నేనైతే ఏం చేసేవాణ్ణి? మొగుడు సామర్లకోటలో దిగుతామని, పెళ్లాం అనకాపల్లిలో దిగుతామని చెబితే టికెట్ మళ్లీ తీసి చూసేవాణ్ణి కానూ! ఆయనా అదే చేశాడు. మా అల్లుడు సర్దిచెప్పబోయాడు. ఆయన వినలేదు. నేనైనా వినేవాణ్ణి కాదు. ఒక చీటీ చేతికిచ్చి కారు పక్కకి పెట్టమన్నాడు. దాన్ని అక్కడివాళ్లు ‘సెకండరీ’ అంటారు. ఫలానావాళ్లని సెకండరీకి పంపారట అంటే, ఆ మాట మనవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకుంటారు.

లోపల కుర్చీలు, గోడకి గడియారం, ఎవరూ మాట్లాడని హాలు. ఫోను తియ్యకూడదు. కారు తాళాలు వాళ్ల దగ్గర. అద్దంలోంచి చూస్తుంటే మా డిక్కీ తెరిచి, మా ఆవిడ సర్దిన డబ్బాలు ఒక్కొక్కటే తీసి బయట పెడుతున్నారు. పులిహోర, జంతికలు, కందిపొడి. ఇక్కడొక మాట. హోటళ్లలో కందిపొడికి ఇంగ్లీషులో ‘గన్ పౌడర్’ అని పేరుపెట్టిన పుణ్యాత్ముడు ఎవరో గానీ, ఆయన జన్మలో కారులో సరిహద్దు దాటి ఉండడు. మా అమ్మాయి ఆ పేరు డబ్బా మీద రాసి, బయలుదేరే ముందు ఎందుకో అనుమానం వచ్చి చీటీ చింపేసింది. లేకపోతే ఈ ప్రసంగం ఇంకో గంట సాగేది.

ఇంతలో ఒక అధికారిణి వచ్చి మనవరాలి ముందు వంగింది. చిన్నపిల్లలు ఉంటే వాళ్లని ఒక్కోసారి విడిగా అడుగుతారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లున్న లోకం కదా, ఆ ప్రశ్న నాకు న్యాయంగానే తోచింది. తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లతో వెళితే రెండోవాళ్లు ఒప్పుకున్నట్టు ఉత్తరం వెంట ఉంచుకోమని కూడా చెబుతారు. ‘ఈయన ఎవరు?’ అని నన్ను చూపించి అడిగింది. మా పిల్ల ‘తాతయ్య’ అని, ఊరుకోక ఇంగ్లీషులో ‘రైల్లో పోలీసు’ అని చేర్చింది. నల్లకోటు ఫోటో చూపించి నేను చేసిన గొప్పలకి అది ఫలం. ఆవిడ ముఖం మారింది. పోలీసు ఉద్యోగమా, ఆయుధం ఏదైనా తెచ్చారా అని నన్నడిగింది. నేను టికెట్లు చూసే ఉద్యోగం గురించి రెండు ముక్కల్లో చెప్పాను. రెండే ముక్కలు. ఆవిడ నవ్వలేదు. ఆ కుర్చీలో నేనున్నా నవ్వేవాణ్ణి కాదు.

గంటా పావు కూర్చున్నాం. ఒక్కరు కూడా మమ్మల్ని పరుషంగా ఒక్క మాట అనలేదు. ‘సర్’ అనే పిలిచారు. అయినా మా ఆవిడ చెయ్యి చల్లబడిపోయింది. ఏ తప్పూ చేయని మనిషి తప్పు ఏమై ఉంటుందా అని వెతుక్కోవడం నేను అప్పుడు చూశాను. వెంటనే గుర్తొచ్చింది: ఒకసారి తుని దగ్గర ఒక ముసలాయన టికెట్ ఏ సంచిలో పెట్టాడో మరిచిపోతే, సామర్లకోట వచ్చేదాకా నేను ఆయన్ని నిలబెట్టి వెతికించాను. టికెట్ దొరికింది. ‘ముందే చేతిలో పెట్టుకోవద్దా’ అని ముందుకు వెళ్లిపోయాను. నేనూ ఆయన్ని పరుషంగా ఏమీ అనలేదు.

ఆ హాల్లోనే సోనౌలి గుర్తొచ్చింది. ముక్తినాథ్ మన వైష్ణవుల నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటి కదా, అక్కడికి అయిదారేళ్ల కింద గోరఖ్‌పూర్ నుంచి జీపు కట్టించుకుని వెళ్లాం. సోనౌలి దగ్గర ఇటు ఇండియా, అటు నేపాల్. 1950 ఒప్పందం పుణ్యాన మనకి వీసా అక్కర్లేదు. మన వైపు సశస్త్ర సీమా బల్ జవాన్లు. 2001 నుంచి ఆ సరిహద్దు కాపలా వాళ్లదే. నడిచేవాళ్లు, రిక్షాలు, సైకిలు మీద గడ్డిమోపులు అలా గేటు కిందనుంచి పోతూనే ఉంటాయి. ఎవరూ ఎక్కడికని అడగరు. కారు వస్తే మాత్రం ఆగాలి. నేపాల్ వైపు బండికి ‘భన్సార్’ కట్టాలి, అంటే వాళ్ల కస్టమ్స్ సుంకం, ఎన్ని రోజులుంటే అన్ని రోజులకి. మా డ్రైవరు కాగితాలు పట్టుకుని కిటికీ నుంచి కిటికీకి పరిగెత్తాడు, మేం చెట్టు కింద టీ తాగాం. గేటు దాటి చేతి గడియారం పదిహేను నిమిషాలు ముందుకి తిప్పుకున్నాం, అక్కడి టైము అలా ఉంటుంది. అంతకంటే మారిందేమీ కనబడలేదు. ఆ గీతా గీతే, ఈ గీతా గీతే.

అయినా పక్కదేశాల దాకా ఎందుకు? 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన మర్నాడు, హైదరాబాదు హాస్టళ్లు ఖాళీ చేసి పోలీసులిచ్చిన పాసులతో బయలుదేరిన పిల్లల్ని జగ్గయ్యపేట దగ్గర ఆంధ్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టులో ఆపేశారు. ఇటు తెలుగు, అటు తెలుగు. ఒకరిచ్చిన పాసు ఇంకొకరికి చెల్లలేదు. రోడ్డుమీద కార్లు, మోటారు సైకిళ్లు బారులు తీరి నిలబడ్డాయి. టీవీలో ఆ పిల్లల ముఖాలు చూసినప్పుడు నాకు ‘అయ్యో’ అనిపించింది. ఆ హాల్లో కూర్చున్నాక ఇంకేదో అనిపించింది. దానికి పేరు లేదు.

అమెరికా, కెనడాల మధ్య గీత 8,891 కిలోమీటర్లు. రెండు దేశాల మధ్య అంత పొడవైన సరిహద్దు ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అదీ ఎప్పుడూ ఇంత బిగువుగా లేదట. 2009 జూన్ 1 దాకా ఆ రెండు దేశాలవాళ్లు కారులో దాటితే పాస్‌పోర్టు అవసరం ఉండేది కాదు. 2008 జనవరి దాకా అయితే ఫలానా దేశంవాణ్ణి అని నోటితో చెబితే, మహా అయితే డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే సరిపోయేది. వెర్మాంట్ రాష్ట్రంలో డెర్బీ లైన్ అనే ఊళ్లో ఒక గ్రంథాలయం ఉంది. 1904లో తెరిచారు. సరిహద్దు దాని మధ్యనుంచే పోతుంది, చదువుకునే గది నేలమీద నల్లగీత గీసి ఉంటుంది. పుస్తకాల బీరువాలు కెనడాలో, ముందు గుమ్మం అమెరికాలో. పైన నాటకశాల. వేదిక కెనడాలో, చూసేవాళ్లలో చాలామంది కూర్చునేది అమెరికాలో. కెనడావాళ్లు నూరేళ్లకు పైగా కాలిబాట మీద నాలుగడుగులు వేసి, ఎవరినీ అడగకుండా ఆ గుమ్మంలోంచి వెళ్లి పుస్తకాలు తెచ్చుకున్నారు. 2025లో అమెరికా ప్రభుత్వం ఆ నాలుగడుగులకీ అడ్డం చెప్పింది. కెనడా వైపు వేరే గుమ్మం చూసుకోవాల్సి వచ్చింది. పుస్తకానికి వెళ్లేవాణ్ణి ‘ఎక్కడికి?’ అనడం నాకు నచ్చలేదు. నచ్చలేదని చెప్పడానికి నాకున్న హోదా ఏమీ లేదు, చెబుతున్నాను అంతే.

మమ్మల్ని వదిలారు. టొరంటో చూశాం, నయాగరా చూశాం. నయాగరా గురించి చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను చెప్పను.

తిరుగు ప్రయాణంలో నేను నోటికి తాళం వేసుకున్నాను. ఈసారి అమెరికా కిటికీ. మా అల్లుడి పాస్‌పోర్టు పేజీలు అటూ ఇటూ తిప్పాడాయన. ముద్ర గడువు దాటినట్టు కనబడి ఉంటుంది. ఒక్క క్షణం ఆగాడు. కంప్యూటర్లో ఏదో చూసుకున్నాడు. అచ్చువేసిన కాగితం అడగలేదు. నియమం ఆయనకి గుర్తుంది. మా అల్లుడు ఊపిరి వదిలిన చప్పుడు వెనక సీటుకి వినిపించింది. తరవాత ప్రశ్న: పండ్లు, కూరలు, మొక్కలు, మాంసం ఏమైనా తెచ్చారా?

‘లేవు’ అన్నాడు మా అల్లుడు.

మా ఆవిడ వెనక నుంచి తెలుగులో గట్టిగా, ‘అదేమిటి, కరివేపాకు కొన్నాం కదా!’ అంది.

నాకు తెలుసు ఆ కట్ట సంగతి. మిస్సిసాగాలో కొన్నప్పుడు సంచి పట్టుకున్నది నేనే. అయినా నోరు మెదపలేదు. అడిగిందే చెప్పాలి, ఎవర్ని అడిగితే వాళ్లే చెప్పాలి అన్న పాఠం అంత బాగా ఎక్కింది నాకు. మా అమ్మాయి గబగబా ఇంగ్లీషులో చెప్పి కట్ట తీసి ఇచ్చింది. ఆయన తీసుకుని పక్కనున్న డబ్బాలో పడేశాడు. ముందే చెప్పారు కాబట్టి జరిమానా లేదన్నాడు. చెప్పకుండా దొరికితే మొదటిసారికే 1000 డాలర్ల దాకా వెయ్యొచ్చట.

కరివేపాకు మీద కక్ష ఏమిటా అని తరవాత కనుక్కున్నాను. కక్షేమీ కాదు. నిమ్మ, నారింజ జాతికి గ్రీనింగ్ అనే తెగులు అంటించే చిన్న పురుగు కరివేప మీద కూడా బతుకుతుంది. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు బయటపడ్డాక అక్కడి నారింజ తోటలు చాలావరకు దెబ్బతిన్నాయి. మన బత్తాయి, నిమ్మ రైతులకీ ఈ తెగులు కొత్త కాదు. కాబట్టి పచ్చి కరివేపాకు మాట ఎత్తితే వాళ్లు ఉలిక్కిపడటంలో అర్థం ఉంది. అర్థం లేనివీ ఉన్నాయి. గంజాయి 2018 నుంచి కెనడాలోనూ చట్టసమ్మతమే, మిషిగన్‌లోనూ చట్టసమ్మతమే. ఇటు ఒడ్డున తాగొచ్చు, అటు ఒడ్డున తాగొచ్చు. జేబులో పెట్టుకుని వంతెన దాటితే మాత్రం నేరం. కుర్రాళ్లున్న ఇళ్లవాళ్లు ఈ సంగతి చెవినేసుకోండి.

ఈ వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు మీలో చాలామంది ఉంటారు. కారులో కెనడా చూపిస్తామంటే సంతోషంగా వెళ్లండి. పాస్‌పోర్టులు సంచి అడుగున కాదు, చేతిలో పెట్టుకోండి. ఎన్నాళ్లని అడిగితే అది ఏ దేశంలో ఎన్నాళ్లో ఒక్కసారి తేల్చుకుని చెప్పండి. తినే వస్తువేదైనా ఉంటే ఉందని ముందే చెప్పెయ్యండి. కరివేపాకు మాత్రం కొన్నచోటే వండుకు తినండి.

మా ఆవిడ ఆ కట్ట ఖరీదు డాలరున్నర అని ఇప్పటికీ లెక్క చెబుతూనే ఉంది.